వెండి చారలు

లాజరు మాస్టారు స్టూలు మీదినుంచి పడ్డ పదకొండో రోజున దవాఖానాలోనే చనిపోయాడు. తుంటి విరిగింది, ఆపైన ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. మెదక్ చర్చి వెనక వీధుల్లో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకోని ఇల్లు తక్కువ. సమాధి దగ్గరికి జనం బాగా వచ్చారు. వచ్చినవాళ్లందరికీ ఆయన భార్య ఎలిశిబా ఒకే మాట చెప్పింది.

"నేనే ఎక్కమన్న. చింతపండు జాడీ దింపియ్యమన్న."

బీపీ మనిషి కదా, కళ్లు తిరిగి పడి ఉంటాడు, ఆ పడటంలోనే స్టూలు విరిగి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఎలిశిబా మాత్రం తానే చంపుకున్నానని నమ్మింది. నిద్ర లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు నిస్సి, రామాయంపేట రోడ్డు మీది ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో ల్యాబ్ చూస్తుంది. అచ్చులోంచి వచ్చిన కుర్చీల మీద, స్టూళ్ల మీద గీతలో, గుంటలో, మచ్చలో కనిపిస్తే అవి ఎందుకు వచ్చాయో తేల్చడం ఆమె పని. ఇంట్లో విరిగిన స్టూలు కూడా అక్కడిదే. ఆగస్టులో తనే కొనుక్కొచ్చింది.

నాయినను సమాధి చేసిన నాలుగో రోజు ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద ఆ స్టూలు కాలు ముక్క దొరికింది. కిటికీ దగ్గరికి తెచ్చి చూసింది. విరిగిన చోటికి కొంచెం పైన సన్నని వెండి చారలు మెరిశాయి. అలాంటి చారలు ఆమెకు కొత్త కాదు.

ముక్కను సంచిలో వేసుకుని మరునాడు డ్యూటీకి పోయింది. రంపంతో అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. లోపలంతా అట్టు మీద చిల్లుల్లాగా చిన్న చిన్న బుడగలు. ఆ సరుకు పోసినప్పుడు నమూనాగా దాచిన ప్లాస్టిక్ గింజలు తీసి తూచింది. ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచింది. బరువు తగ్గింది. వానకు తడిసిన గింజలు డ్రయ్యర్‌లో సరిగా ఆరకుండానే మెషీన్లోకి పోయాయి. కరిగేటప్పుడు ఆ తడి ఆవిరై పైన చారలు కట్టింది, లోపల బుడగలై కాలును గుల్ల చేసింది.

తర్వాత ఆ సరుకు పోసిన జులై ఫైలు తీసింది. చారల గురించి అందులో రాసి ఉంది: "చూపుకే లోపం. బలానికి లేదు." కింద తన సంతకం. బరువు పెట్టి చూసే పరీక్షకు ఒక రోజంతా పడుతుంది. ఆ రోజు సరుకు కోసం గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. అయినా ఎవరూ తొందర పెట్టలేదు. ఇలాంటి చారలు ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అనుకుని పరీక్ష లేకుండానే పంపేసింది.

ఇదంతా ఆమె రాసిచ్చిన రిపోర్టును మేనేజర్ మదన్ మోహన్ చదివి పక్కన పెట్టాడు.

"తప్పు డ్రయ్యర్‌దని రాయి నిస్సీ, నీ పేరు తీసెయ్. ఇంట్ల గింత అయినంక ఇంకేం మోస్తవ్?"

ఆమె తీయలేదు. ఆ సాయంత్రమే దుకాణాలకు ఫోన్లు పోయాయి, స్టూళ్లు వెనక్కి పంపమని.

ఇంటికొచ్చి తల్లి ఎదురుగా కింద కూర్చుంది. చారల గురించి, లారీ గురించి, సంతకం గురించి ఉన్నదున్నట్టు చెప్పింది. నాయిన కళ్లు తిరిగి పడలేదని, జాడీ అడగడం తప్పు కాదని చెప్పింది.

"పాపం నీ మీద ఏసుకోవద్దని చెప్తున్న అమ్మా," అంది నిస్సి చివరికి.

"మీ నాయిన ఉంటే నిన్ను ఒక్క మాట అనేటోడు కాదు," అంది ఎలిశిబా. "నేను గంత మంచిదాన్ని కాను బిడ్డా."

తెల్లారి ఎలిశిబా తన తమ్ముడితో అతని ఊరు రేగోడ్ పోయింది. అక్కడ తింటోంది, నిద్ర కూడా పోతోందని మేనమామ ఫోన్లో చెప్పాడు. ఆ మాట విని నిస్సి ఏడ్చింది. అంతా చెప్పిన రాత్రి కూడా ఇక్కడ తన పక్కన అమ్మకు నిద్ర రాలేదు.

వెనక్కి వచ్చిన స్టూళ్లను నిస్సి రోజుకు కొన్ని చొప్పున కోసి చూస్తోంది. కొన్నింట్లో బుడగలున్నాయి, చాలావాటిలో లేవు. ఆదివారం ఆరాధన అయ్యాక రేగోడ్‌కు ఫోన్ చేస్తుంది. మామ ఎత్తుతాడు. అమ్మకు ఇస్తావా అని అడిగితే, పక్కనే ఉంది, వింటోంది అంటాడు. నిస్సి ఆ వారం సంగతులు చెప్తుంది. అవతలినుంచి జవాబు రాదు. ఫోను మాత్రం ఎవరూ పెట్టెయ్యరు.