వంకీల బార్డర్

అచ్చు బోర్లించి వెనకవైపు చెక్కసుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు యేసయ్య. నాలుగో దెబ్బ కొడితే అంచు పెచ్చులేస్తుంది. అచ్చు పైకెత్తగానే నిన్న పోసిన దిమ్మ తడివాసనతో నేలమీద కూర్చుంది. పూలపాదుల చుట్టూ పాతుకునే సిమెంటు బార్డర్ దిమ్మ అది. మూరెడు పొడవు, పైఅంచంతా వంకీలు. దాన్ని రెండు చేతులా ఎత్తి రేకుల నీడలో పెట్టి తడిగోనె కప్పాడు. అలాంటివి మొత్తం ఎనిమిది. వారం రోజులు నీళ్ళు పడితే గాని వాటికి గట్టితనం రాదు. పచ్చి దిమ్మను ముట్టుకున్న వాడెవడైనా సరే యేసయ్య చేత తిట్లు తినాల్సిందే.

కోదాడ బైపాస్ పక్కనున్న ఆ సిమెంటు యార్డులో అతను చేరి ఇరవై రెండేళ్ళయింది. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కనుబొమల మీద బూడిద ఎంత కడిగినా పోదు. సిమెంటు కలిపి కలిపి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను అతన్ని గుర్తుపట్టదు. భార్య దేవమ్మ వచ్చి వేలు పెడితేనే బియ్యం. "నువ్వెవలో సర్కారుకు ఎరికనే లేదు, నేను లేకుంటే ఉపాసమే" అని ఆమె నవ్వేది. ఈ నెల బియ్యం ఇంకా తేలేదు.

నాలుగు రోజుల కింద సూర్యాపేట దవాఖానలో డాక్టరు దేవమ్మను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఇంకేం చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. మూడు రోజులు నడిగూడెంలోని ఇంట్లో ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. ఏం చేయాలో తోచలేదు. చేతులు ఊరికే ఉంటే అతనికి భయం. నాలుగోనాడు, అంటే నిన్న, పక్కింటి జంగమ్మకు అప్పగించి పనికి వచ్చేశాడు. అందుకు తనమీద తనకే అసహ్యంగా ఉంది.

పదకొండింటికి విజయ టీచరు వచ్చింది. కొత్తిల్లు కట్టుకుందట. వంకీలవి, తామరపూలవి, కంచె మాదిరివి మూడు రకాలూ వరుసగా పేర్పించింది. ఫోటోలు తీసి భర్తకు పంపింది. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసింది. పెళ్ళిచూపులకైనా అంత పరీక్ష ఉండదు.

"పెద్దాయనా, మీ ఇంట్లో ఏది పెట్టుకున్నారు?" అని అడిగింది చివరికి.

యేసయ్య ఇంటిముందు దేవమ్మ కనకాంబరాల పాదుకు ఐమూలగా పాతిన పగిలిన ఇటుకలే బార్డరు. కోళ్ళు గీరినప్పుడల్లా ఆమె మళ్ళీ సర్దుతుంది. మొదటి ఏడాది ఒకసారి అడిగింది, నువ్వు పోసినవి ఒక వరస తేరాదా అని. యజమాని సొత్తు మనకెందుకన్నాడు. నిజానికి అడగడానికి జంకు. తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు.

పక్కకు వెళ్ళి జంగమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఫోను దేవమ్మ చెవికి ఆనించింది.

"పాదుకు బార్డర్ తెస్త. తామరపూలదా, వంకీలదా?"

దేవమ్మ మాట ఊపిరి మధ్య తెగి తెగి వచ్చింది. "పూలకాడ మల్ల పూల బొమ్మలెందుకయ్యా? వంకీలదే తే."

అతను తిరిగి వచ్చేసరికి టీచరు కూడా తేల్చుకుంది. "వంకీలవే బాగున్నాయి. ఉన్నవన్నీ వేసేయండి."

గట్టిపడినవి ముప్ఫై నాలుగే ఉన్నాయి. మా పాదుకు ఎనిమిది వదిలేయండమ్మా అంటే ఆమె కాదనేది కాదు. ఆ ఒక్క మాట యేసయ్య గొంతు దాటలేదు. ఒక్కొక్కటే మోసి, మధ్యన గడ్డి పెట్టి, తన చేతులతోనే ట్రాలీ ఆటోలో పేర్చాడు. ఇలాంటి మనిషిని ఏమనాలి?

ఆటో పోయాక యజమాని సాగర్ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ నాన్న పోయాక యార్డు చూసుకుంటున్న కుర్రవాడు.

"సారూ, ఇంటికి ఎనిమిది దిమ్మలు కావాలె."

"గిన్నేండ్లకు నోరు తెరిచినవా కాకా! తీస్కపో. వంకీలయి పచ్చిగున్నయి గద, వారం ఆగు."

వారం లేదని చెప్పలేకపోయాడు. తలూపి వచ్చి అచ్చులకు కాలిన ఆయిల్ పూస్తూ కూర్చున్నాడు. ఆ గోనె వైపే చూపు పోతోంది. నాలుగింటికి లేచాడు. ఎన్నడూ చేయని పని చేశాడు. ఎనిమిది పచ్చి దిమ్మలనూ గడ్డిలో చుట్టి, గోనెసంచుల్లో పెట్టి, టీవీఎస్ బండికి కట్టాడు.

ఎడ్లబండి కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిపాడు. గుంత కనబడితే దిగి నెట్టాడు. సగం దూరం వచ్చాక ఫోను మోగింది.

"అన్నా, జర జల్ది రా" అంది జంగమ్మ. గొంతు బాగా లేదు.

బండి ఆపి సంచుల వైపు చూశాడు. నెమ్మదిగా పోతే దిమ్మలు దక్కుతాయి. వేగంగా పోతే మనిషి దక్కుతుందేమో. ఎక్సలేటర్ తిప్పాడు. ప్రతి గుంతలోనూ వెనక టక్కుమంటోంది. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన చప్పుడు అది, ఏది ఎక్కడ విరిగిందో చూడకుండానే తెలుస్తోంది. ఏడుపు వచ్చింది. అయినా బండి ఆపలేదు.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం గుమ్మం వైపుకు తిప్పి ఉంది. జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"బార్డర్ తెస్తున్నడని సంబురపడ్డదన్నా. పాదు కనబడేటట్టు మంచం తిప్పమన్నది. తిప్పిన. గట్లనే సూసుకుంట..."

యేసయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. దేవమ్మ కుడిచేయి తన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలి మీద ముద్ర గీతలు ఒక్కటీ చెరగకుండా స్పష్టంగా ఉన్నాయి. వాటిని తన అరిగిన వేలితో తడుముతూ పొద్దుగూకేదాకా అలాగే ఉండిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరు ప్రార్థన చేశాక మట్టి ఇచ్చారు. నాలుగింటికల్లా వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. అప్పుడు బండి మీది సంచులు విప్పాడు. ఏడు దిమ్మలు తునకలు. ఒకటి మాత్రం, మూలన చిన్న పెచ్చు లేచినా, నిలిచింది. కనకాంబరాల దగ్గర ఒక ఇటుక తీసేసి, మట్టి తవ్వి, దాన్ని పాతాడు. ఆమె బిందెలో నీళ్ళు మిగిలి ఉన్నాయి. చెంబుతో ముంచి దాని మీద పోశాడు. ఇంకా ఆరు రోజులు పోయాలి.

పగిలిన ఇటుకల వరుస చివర, తడిగోనె కప్పుకుని, ఒక్క వంకీల దిమ్మ గుమ్మం వైపు తిరిగి ఉంది.