ముత్తక్క ఇంకొంచెం అడిగిన రోజు

కోకో కాయను కత్తితో కొయ్యరు. లోపలి గింజ తెగితే చాక్లెట్ కంపెనీ తీసుకోదు. చెక్కముక్కతో కాయ నడుం మీద ఒక్కటేసి, రెండు చిప్పలు చేసి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని తొట్టిలోకి దులుపుతారు. అశ్వారావుపేట అవతల, పామాయిల్ తోటల నడుమ ఉన్న షెడ్డులో ఆడవాళ్ళు పొద్దుట్నుంచీ చేసే పని ఇది. గుజ్జు తియ్యగా ఉంటుంది. ఎవరూ చూడనప్పుడు ఒక గింజ నోట్లో వేసుకుని చప్పరించి, మళ్ళీ తొట్టిలోకే ఉమ్ముతారు. ఆ గింజే ఏదో పట్నంలో బంగారు కాయితం చుట్టుకుని పుట్టినరోజులకు పోతుంది.

తొట్టి నిండాక గోనెసంచులు కప్పి మగ్గబెడతారు. లోపల గింజలు వాటంతటవే కాగిపోతాయి. ముక్కులు మండే ఆ పులిసిన వాసనలో మోచేతుల దాకా చేతులు పెట్టి కింది గింజను పైకి, పై గింజను కిందికి తిరగెయ్యాలి. అది ముత్తక్క పని. దసరా వానలప్పుడు జ్వరం వచ్చి ముత్తక్క చచ్చిపోయింది. దినాలు అయిన మర్నాడు ఎప్పటిలాగే షెడ్డుకు వచ్చింది.

"వచ్చినవా ముత్తక్కా? ఆ మూలకున్న తొట్టి చూడు" అన్నాడు మేస్త్రీ పోతయ్య.

ఆమె చూసింది. ఆడది చచ్చాక కూడా పనికి రావడంలో వింత ఏముందో ఎవరికీ తోచలేదు. పోతయ్య మాత్రం పొంగిపోయాడు.

"అన్నం గంట అడగదు. పోరనికి జరమని నాగా పెట్టదు. కూలి ఊసే ఎత్తదు. మీరందరు గిట్ల ఉంటే ఎంత మంచిగుంటది!"

"అవ్ మేస్త్రీ, అందరం ఒక్కపారే చస్తం. నువ్వు సల్లగుండు" అంది చాంది.

అందరూ నవ్వారు. నవత నవ్వలేదు. ముత్తక్క ఆమెకు అత్త.

శుక్రవారం పోతయ్య నవతను పక్కకు పిలిచాడు. "ఒక్క ఇంట్లకెల్లి ఇద్దరెందుకు? మీ అత్త ఇద్దరి పని చేస్తున్నది. సోమారం నుంచి నువ్వు రాకు."

"మా ఇంటాయన సంగతి నీకెరుకే గద మేస్త్రీ."

ఎరుకే. వీరన్న పామాయిల్ గెలలు కోస్తుంటే గెల మీద పడి నడుం పోయింది. మంచం దిగడు. ఇంట్లో చేతులు ఆడుతున్న మనిషి నవత ఒక్కతే.

"అయితే మీ అత్తను మాన్పియ్యి" అన్నాడు పోతయ్య, పెద్ద మనసు చేసుకున్నట్టు.

చచ్చినదాన్ని ఎట్లా మాన్పిస్తారు? నవత ఆ సాయంత్రం దారిలో అత్తనే అడిగింది. "ఎందుకు తిరుగుతున్నవ్ అత్తమ్మా? ఏం కావాలె నీకు?"

"ఏమో పిల్లా. పని కనబడ్తది. చేస్తున్న" అంది ముత్తక్క.

దారి చెప్పింది చాందే. "ఆశ ఉండిపోయింది ఆమెకు. ఇన్నేండ్లు గింజలు తిరగేసింది, చాక్లెట్ ఒక్కనాడన్న తిన్నదా?"

నిజమే. కిందటేడు మహిళా దినోత్సవానికి కంపెనీ సారు వచ్చాడు. వెనకటి కాలంలో సముద్రాల అవతల రాజులూ సిపాయిలూ ఈ గింజల్ని నూరి నీళ్ళలో కలుపుకుని తాగేవారని చెప్పాడు. ఆడవాళ్ళు తాగే రివాజు లేదట. "మరి నూరిందెవరు సారూ?" అని చాంది అడిగితే, కాస్త ఆలోచించి "ఆడోళ్ళే" అన్నాడు. చప్పట్లు కొట్టించుకుని తలా ఒక చాక్లెట్ పంచాడు. ముత్తక్క దాన్ని ఇంటికి పట్టుకొచ్చి మనవడు వాసుకు పెట్టి, కాయితం వాసన చూసి పడుకుంది.

కొనే డబ్బుల్లేక నవత, షెడ్డు నుంచి కొంగున తెచ్చిన పచ్చి గింజలు కాసిని కడిగి రేకుల మీద ఎండేసింది. ఎండాకాలం అడవిలో ఇప్పపువ్వు ఏరి తెచ్చి ఆరబెట్టే చేతులవి. ఏది దొరికినా ఎండలో పొయ్యడమే వాటికి తెలిసింది. మగ్గబెట్టడం కంపెనీ తూకానికి చేసే మాయ అనుకుంది. శనివారం సాయంత్రం వేయించి నూరి బెల్లం కలిపి మొదట వీరన్న నోట్లో పెడితే, ఆయన గోడ మీదికి ఉమ్మాడు.

"పసరు మందు తాపుతున్నవేందే?"

గడపలో కూర్చున్న ముత్తక్క కిసుక్కున నవ్వింది. "ఇప్పపువ్వు అనుకున్నవా? మగ్గాలె. మగ్గకుంటే దాని చేదు దాన్ని ఇడువది."

ఆదివారం పొద్దున్నే నవత షెడ్డు వెనక చాపల మీద ఆరుతున్న మగ్గిన గింజలు గుప్పెడు తీసి నడుములో దోపుకుంది. పట్టుబడితే ఏమవుతుందో తెలుసు. మంగలంలో వేయించి, పల్లీల్లా పొట్టు ఊదేసి, రోట్లో వేసి దంచింది. చాలాసేపు పొడిపొడిగానే ఉంది. తర్వాత గింజ తన నూనె తానే వదిలి, రోకలికి నల్లగా, మెత్తగా అంటుకుంది. బెల్లం వేసింది. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక ముక్కలు కోసి పళ్ళెంలో తెచ్చి అత్త ముందు పెట్టింది.

ముత్తక్క ఒక ముక్క తీసుకుని చుట్టూ చూసింది. "వాసు ఏడి?"

"వానికి పెట్టిన. నువ్వు తిను."

"వీరన్నకో?"

"తిన్నడు. నువ్వు తినత్తా."

"నాకెందుకు పిల్లా..."

నవతకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నాకెందుకు, నాకెందుకు అనే చచ్చినవ్! చచ్చినంక గూడ గదే మాటనా?" అని, అత్త గడ్డం పట్టుకుని ముక్క నోట్లో కుక్కింది.

ముత్తక్క నమల్లేదు. దాన్ని నాలుక మీద అట్లాగే కరగనిచ్చింది. కళ్ళు మూసుకుంది. ఆ మొహంలో నవత ఎన్నడూ చూడని ఒక పిల్ల కనిపించింది, పెళ్ళికి ముందుదై ఉంటుంది.

"ఇంకొంచెం పెట్టు" అంది ముత్తక్క.

బతికున్నన్నాళ్ళూ ఆమె అన్నం కూడా రెండోసారి అడిగి ఎరగదు. అడిగి అడిగి తింది. వాసు వచ్చి చెయ్యి చాస్తే పళ్ళెం పక్కకు జరుపుకుంది. ఒక్క ముక్క మిగిలేసరికి కడుపు నిండిందని చెప్పి చాప మీద ఒరిగింది. సాయంత్రానికి చాప ఖాళీగా ఉంది. అత్త పోయిన రోజు ఏడవడానికి తీరిక లేని నవత ఆ రాత్రి తీరిగ్గా ఏడ్చింది.

సోమవారం మిగిలిన ముక్కను కాయితంలో చుట్టి షెడ్డుకు తీసుకుపోయింది. పోతయ్యకు ఇస్తే మనసు మెత్తబడుతుందని.

తొట్టి దగ్గర ఎవరో పిల్ల, మోచేతుల దాకా చేతులు పెట్టి గింజలు తిరగేస్తోంది. నుదుట బొట్టు ఇంకా చెరగలేదు. రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది.

"పినపాక దిక్కు పిల్లంట" అంది చాంది గొంతు తగ్గించి. "కాన్పుల పోయిందంట. బిడ్డను సూడనే లేదంట. మేస్త్రీ నిన్న పోయి తోల్కొచ్చిండు."

పోతయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "రావద్దని చెప్పిన గద."

"మా అత్త పోయింది మేస్త్రీ. మాన్పియ్యమన్నవ్, మాన్పిచ్చిన."

"నాకేం తక్కువ? ఆశ తీరని ఆడోళ్ళకు ఈ జిల్లాల కరువా?" తొట్టి దగ్గరి పిల్ల వైపు చూసి చెప్పాడు. తర్వాత అతని చూపు నవత చేతి మీద పడింది. "ఏందది? నాకేనా?"

చాంది, మిగతా ఆడవాళ్ళు చెక్కలు ఆపి చూస్తున్నారు. నవత కాయితం విప్పింది. ముక్క నోట్లో పెట్టుకుంది. ఇవాళ్టి నుంచి పని లేదు, ఇంట్లో బియ్యపు గింజ లేదు, మంచంలో మొగుడు, బడి నుంచి ఆకలితో వచ్చే కొడుకు. అవేవీ ఆ ముక్కతో తీరవు. అయినా చచ్చాక పోతయ్యకు దొరక్కుండా ఉండాలని, కరిగేదాకా అక్కడే నిలబడి తిని, కాయితం నాకి, వేళ్ళు నాకి, అప్పుడు బయటికి నడిచింది.