కుట్లు పడ్డ యంత్రం

బొమ్మల పుస్తకాల ఆఫీసులో ఆ అమ్మాయికి అది మొదటి రోజు. అంతకుముందు దుకాణాల బోర్డులు రాసేది. ఇక్కడ ఇచ్చిన పని ఒక్కటే: మాస్టారు పెన్సిలుతో వేసిన పేజీ మీద సిరాతో గీయాలి. పన్నెండింటికి ప్రెస్సువాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. పేజీ బాగా కుదిరితే కిటికీ పక్క కుర్చీ ఆమెది. లేకపోతే మళ్ళీ బోర్డులు రాయడానికి నిచ్చెన ఎక్కాల్సిందే.

కథేమో, ఒళ్ళు నీలంగా ఉన్న మనుషుల్ని చూసి ఒక ఊరు ఊరంతా హడలిపోతుంది. వాళ్ళని పట్టుకోవడానికి మేడంత ఎత్తు యంత్రాలు వీధుల్లో తిరుగుతుంటాయి. ఈ నెల పేజీలో ఒక యంత్రం గోడ బద్దలుకొట్టి, నీలంపిల్ల ముందు చెయ్యి చాచి నిలబడింది.

అమ్మాయి ఊపిరి బిగబట్టి, బొమ్మలో ఒక్క గీత కూడా వదలకుండా సిరా పెట్టింది. పదకొండున్నరకి మాస్టారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసి, కుర్చీలో కూలబడ్డారు.

"ఇదేంటమ్మా! ఈ యంత్రం ఒంటినిండా ఈ ఇంటూ మార్కులేంటి?"

"మీరే పెట్టారు కదా మాస్టారూ."

"నేను పెట్టింది అక్కడ నలుపు నింపమని, తల్లీ! వాటినే దిద్దమని కాదు!"

ఆమె ముఖం కందగడ్డ అయింది. బోర్డుల పనిలో గీసిన ప్రతి గీతా దిద్దాల్సిందే మరి.

కేకలు విని పక్కగదిలోంచి మాస్టారి భార్య వచ్చింది. కథ అల్లేదీ, బుడగల్లో మాటలు రాసేదీ, పనిలో ఎవరుండాలో తేల్చేదీ ఆవిడే. ఆఫీసులో అందరికీ పిన్నిగారు.

"దీనికింత గోలెందుకండీ? అరగంట ఉందిగా. కుంచె తీసుకుని నింపెయ్యమ్మా, ఎవరికీ తెలీదు."

అమ్మాయి కుంచె సిరాలో ముంచింది. నోరు మూసుకుని నింపేస్తే కుర్చీ దక్కుతుంది. కానీ పొద్దుటినుంచీ ఆ యంత్రాన్నే చూస్తోంది. చెయ్యి ముందుకు పోలేదు.

"పిన్నిగారూ... వీడు పట్టుకోడానికి వచ్చినట్టు లేడండీ. కుట్లు విప్పించుకోడానికి వచ్చినట్టున్నాడు."

పిన్నిగారు పేజీ మీదికి వంగింది. చాచిన చెయ్యి, చేతినిండా కుట్లలా కనిపిస్తున్న ఇంటూ మార్కులు. ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత గోడ పట్టుకుని నవ్వింది.

"నవ్వుతావేంటే! ఏడాదిగా ఊరిని గడగడలాడించినవాణ్ణి పట్టుకుని రోగిని చేసేసింది!" అన్నారు మాస్టారు.

"పాపం, గోడలు కొట్టడం తప్ప తలుపు కొట్టడం ఎవరైనా నేర్పారా వాడికి?" అంది పిన్నిగారు.

నీలంపిల్ల బుడగలో పెన్సిలుతో రాసివున్న 'కాపాడండి!' అన్న మాటని పిన్నిగారు రబ్బరుతో చెరిపేసింది. దాని చోట సిరాతో 'బాగా నొప్పిగా ఉందా? ముందు కూర్చో' అని రాసింది. సిరా ఆరేదాకా ఊది, పేజీని కవర్లో పెట్టింది.

"నువ్వు కూడా కూర్చోమ్మా. ఆ కిటికీ పక్కన."

మాస్టారికి ఇంకా మింగుడుపడలేదు.

"సరే, వీడంటే వచ్చాడు. మిగతా యంత్రాలు ఊరుకుంటాయా?"

"వాళ్ళకీ ఎక్కడో ఒకచోట దెబ్బ తగిలే ఉంటుంది కదా మాస్టారూ," అంది అమ్మాయి, కుర్చీ అంచున కూర్చుంటూ.

మాస్టారు పెన్సిలు చెక్కుకుని, కొత్త కాగితం మీద నీలంపిల్ల గుమ్మం ముందు ఒక పొడుగాటి బెంచీ గీయడం మొదలుపెట్టారు.

"ఎంతమంది పట్టాలంటావ్?" అన్నారు తలెత్తకుండానే.