గుడ్డేసిన సీటు

ఆ ఆదివారం శాలినికి మొదటి దెబ్బ భవానీపురంలో, ఇంట్లోనే పడింది.

"చర్చి ఎగ్గొట్టి బస్సులెక్కి ఊరేగుతావా?" అన్నాడు అన్న జయపాల్, చెంప మీద అయిదు వేళ్లూ అచ్చేసి.

ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి శాలినికి ఇదే పిచ్చి. జెరాక్స్ షాపు జీతం నేరుగా అన్న చేతికి పోతుంది. ఆమెకి మిగిలేది ఆధార్ కార్డు. అది చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. అలా నూజివీడు చూసింది, కూచిపూడి చూసింది. ఇవాళ అవనిగడ్డ మీదుగా హంసలదీవి. తమ వీధి పక్కన పారే కృష్ణ చివరికి సముద్రంలో ఎలా కలుస్తుందో చూడాలి. వీసా కూడా అక్కర్లేదు.

జయపాల్ స్నానానికి వెళ్లగానే ప్రహరీ దూకింది.

బస్టాండులో అవనిగడ్డ బస్సు ఆగకముందే యుద్ధం మొదలైంది. కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్లు, సంచులు సీట్ల మీదికి ఎగిరాయి. ఒకావిడ కాలీఫ్లవర్ విసిరి సీటు ఆపుకుంది. శాలిని డొక్కలో ఎవరిదో మోచెయ్యి దిగింది. లోపల రామతులసి అనే చల్లపల్లి ఆవిడా, అమలమ్మ అనే ముసలావిడా ఒకే సీటు కోసం జుట్లు పట్టుకున్నారు.

"నా గుడ్డ కనపళ్లా?"

"నీ గుడ్డ కింద నా సంచి కనపళ్లా?"

శాలిని ఎలాగో వాళ్ల వెనక కిటికీ దగ్గర కూలబడింది. అప్పుడే తల తడి ఆరకుండానే వెతుక్కుంటూ వచ్చిన జయపాల్ ఎక్కాడు. జడ చేతికి చుట్టుకుని లాగాడు. ఆమె ముందు సీటు కమ్మీ పట్టుకుంది. ఆ కమ్మీకేసే ఆమె మొహం కొట్టాడు. పెదవి చిట్లింది.

"అన్న మాటంటే లెక్కలేదా? దిగవే!"

బస్సంతా చూస్తోంది. "అన్నాచెల్లెళ్లంటమ్మా, మనకెందుకు," అంది కాలీఫ్లవర్ ఆవిడ.

కాలు పెట్టే సందు కోసం జయపాల్ ముందు సీటు మీది గుడ్డనీ, సంచినీ ఒక్క ఊపుతో కింద పారేశాడు.

అదే అతను చేసిన తప్పు.

"ఏరా, గుడ్డేసిన సీటు మీద చెయ్యేస్తావా?" రామతులసి చేతిలోని స్టీలు క్యారేజీ అతని నుదుటి మీద ఠంగుమంది. అమలమ్మ చెప్పు తీసింది. ఇందాక ఒకళ్ల జుట్టు ఒకళ్లు పీక్కున్నవాళ్లు ఇప్పుడు చెరో పక్కా వాయిస్తున్నారు.

"నా చెల్లెలండీ!"

"అయితే? ఆ సంచి నీ చెల్లెలా?"

నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతున్నా అతను జడ వదల్లేదు. శాలిని ఆ మణికట్టు అందుకుని కొరికింది. నోట్లో ఉప్పగా తగిలేదాకా కొరికింది. అతను గావుకేక పెట్టి వదిలాడు. ఆడవాళ్లు మెట్ల మీంచి కిందికి తోసేశారు.

జయపాల్ లేచి, "సాయంత్రం ఇంటికి రా, చంపుతా!" అని అరిచాడు.

"సాయంత్రం కదా," అంది శాలిని నెత్తురు ఉమ్మేసి. "రైట్ రైట్ అనండి కండక్టర్ గారూ!"

అవనిగడ్డలో ఇంకో బస్సు మారి, ఆ తర్వాత ఇసకలో నడిచి, మిట్టమధ్యాహ్నానికి చేరింది. నది సముద్రంలో మెల్లగా కలిసిపోతుందనుకుంది. కాదు. ఎర్రనీళ్లూ నీలంనీళ్లూ కొట్టుకుంటున్నాయి, విరుచుకుపడుతున్నాయి. మొదటి అల ఆమెని మోకాళ్ల మీద పడేసింది. చిట్లిన పెదవి ఉప్పుకి భగ్గున మండింది.

శాలిని గట్టిగా నవ్వింది. లేచి, జడ ముడేసుకుని, రెండో అలకి ఎదురెళ్లింది.