ఒక్క పన్ను కిందికి

పదో నంబరు పానాతో బోల్టు వదులు చేసి, బండి గేర్ లీవర్ని బయటికి లాగి, అది పట్టుకునే ఇరుసు పళ్ళలో ఒక్క పన్ను కిందికి జరిపి మళ్ళీ బిగించడానికి ఎంతసేపు పడుతుంది? కొత్తవాడికైతే పది నిమిషాలు. నేను రాయపూర్ పక్కన సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా ఫిట్టర్ని, నాకు అయిదు చాలు. ఆ అయిదు నిమిషాలు నేను వెచ్చించలేదు. దానివల్ల మా బావమరిది కొండలరావు ఏం పోగొట్టుకున్నాడో చెబుతాను.

ఇది రెండువేల తొమ్మిది నాటి సంగతి. మా మావయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూనే పోయాడు. క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చి మా అత్త పైడమ్మ, ఆమె కొడుకు కొండలరావు బీర్‌గావ్‌లో మా ఇంటికొచ్చేశారు. ఉన్నవి రెండు గదులు. నేనూ నా భార్య రాజశ్రీ ఒకదాంట్లో, వాళ్ళిద్దరూ ఇంకోదాంట్లో. కొండలరావు బీయస్సీ పాసై ఏడాదైంది. మెతక మనిషి. ఏదైనా ఒకసారి అడుగుతాడు, కాదంటే ఊరుకుంటాడు. నేను దానికి పూర్తిగా తిరగేసిన రకం. నా నోటికి హద్దు లేదని మా ఆవిడ పెళ్ళయిన నెలకే కనిపెట్టింది.

శంకర్ నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబువాళ్ళు కొండలరావుని పిలిచారు. చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న ఆసుపత్రులకు వెళ్ళి, రక్తం నింపిన గాజు గొట్టాలు పెట్టెలో సర్దుకుని, సాయంత్రానికల్లా ల్యాబుకి చేర్చాలి. కొన్నాళ్ళు చేస్తే లోపల మిషన్ల దగ్గర పని నేర్పిస్తామన్నారు. వాడికి కావలసింది అదే. షరతు ఒక్కటి, బండి మనదే ఉండాలి, కుదుపుల్లేకుండా నడపాలి. ఎక్కువ కుదిపితే రక్తం పాడవుతుందట. సోమవారం మేనేజరు వెనక కూర్చుని స్వయంగా చూస్తాడు.

"బండి నాది తీసుకో, నేను ఫ్యాక్టరీ బస్సులో పోతాను. వారంలో నేర్పిస్తాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా అంత మంచివాడు రాయపూర్ మొత్తం మీద లేడనుకున్నాను.

నా బండి గేర్లు మొదటినుంచీ బిరుసే. ఆర్నెల్ల క్రితం పాతది కొన్నాను. మొదటి గేరు కిందికి నొక్కాలి, మిగతావి కాలివేళ్ళతో కిందనుంచి పైకి ఎత్తాలి. కొన్న వారానికే నేనో మార్పు చేశాను. ఫ్యాక్టరీలో ఇచ్చే సేఫ్టీ షూకి ముందు ఇనపరేకు ఉంటుంది, డొప్పలాగా లావుగా. అది లీవర్ కింద దూరదు. అందుకని లీవర్ని తీసి ఒక పన్ను పైకి పెట్టి బిగించాను. సిల్తారా వెళ్ళే బళ్ళన్నీ దాదాపు అంతే. ఒకరిని చూసి ఒకరం చేసుకుంటాం, చేశాక మరిచిపోతాం. ఆదివారాలు బండి తీసే అలవాటు నాకు లేదు, బజారు నడిచే దూరంలోనే ఉంది. అంటే షూ లేని కాలితో నేను ఆ బండి నడిపింది ఎప్పుడూ లేదన్నమాట.

మరునాడు ఉదయం ఆరింటికి ఉర్లా గోడౌన్ల వెనక ఖాళీ మైదానానికి తీసుకెళ్ళాను. నేను షూ వేసుకుని డ్యూటీకి తయారై వెళ్ళాను. వాడు రబ్బరు చెప్పులతో వచ్చాడు. బండి కదిలింది, రెండో గేరు ఎలాగో పడింది. మూడోది పడలేదు. ఇంజిను గొంతు చించుకుని అరిచింది, బండి ఒక్కసారి ముందుకు తూలింది.

"తన్నకురా! క్లచ్ నొక్కకముందే వేలు లీవర్‌కి ఆనించి ఉంచు. క్లచ్ పట్టగానే మెత్తగా ఎత్తు. అదే జారి కూర్చుంటుంది" అన్నాను.

చెప్పిన మాట తప్పు కాదు. బిరుసు గేర్లకి మందు అదే. రెండోరోజు క్లచ్ తీగ సరిచేశాను. మూడోరోజు ఇంజినాయిల్ మార్చాను. లీవర్ కీలుకి గ్రీజు పెట్టాను. చేయగలిగినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. ప్రతిరోజూ వాడు మూడో గేరు దగ్గర తూలడం, నేను దింపేసి నేనెక్కి మైదానం చుట్టూ ఒక రౌండు కొట్టి చూపించడం. నా కాలికి గేర్లు వెన్నలో పడ్డట్టు పడుతుండేవి. ఇంక తప్పు ఎవరిదో వేరే చెప్పాలా?

నాలుగోరోజు వాడు బండి దిగి, వంగి చూసి అన్నాడు. "బావా, లీవరు కొంచెం పైకి ఉన్నట్టుంది. కాలు ఆనడం నేదు. ఓసారి చూద్దామేటి?"

"నా బండికి వంకలు పెట్టకు. కాలా అది, రోకలిబండా?"

వాడు మళ్ళీ ఎక్కాడు. శనివారం ఇంకోసారి అడిగాడు, గొంతు తగ్గించి. ఈసారి నేను నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం పుడుతుంది. చూస్తే నా సొమ్మేం పోయేది? ఫిట్టర్ని నేను, అడిగినవాడు చేతకానివాడు, వాడి మాట మీద నేను వంగి చూడటమా? అదే అడ్డొచ్చింది.

సోమవారం పన్నెండు కాకముందే తిరిగొచ్చాడు. నేను ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. వాకిట్లో బండి స్టాండు వేసి నిలబడ్డాడు. మూడో గేరు పడక శంకర్ నగర్ చౌరస్తా మధ్యలో బండి తూలిందట. వెనక కూర్చున్న మేనేజరు చేతిలోంచి పెట్టె జారి రోడ్డు మీద పడిందట. పరీక్ష కోసం రక్తానికి బదులు నీళ్ళు నింపిన గొట్టాల్లో నాలుగు పగిలాయట. మేనేజరు తిట్టలేదు. "గాడీ తో ఠీక్ హై బేటా, తుమ్హారా పైర్ ఠీక్ నహీ" అని పంపేశాడట. బండి బాగానే ఉంది, నీ కాలే బాలేదని.

అప్పటికే పక్కింటి తాయారమ్మగారు గోడ మీంచి చూస్తున్నారు. మా అత్త గుమ్మంలో ఉంది. నేను ఊరుకోవచ్చు కదా! "వారం రోజులు నా నిద్ర మాని నేర్పాను. మనిషికి నేర్పొచ్చు, మొద్దుకి ఏం నేర్పుతాం? ఆ కాళ్ళు కంచం దగ్గరికి నడవడానికి తప్ప పనికిరావు" అన్నాను. వాడు తలెత్తలేదు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి నెల నేనే మా ఫ్యాక్టరీలో కాంట్రాక్టరుతో మాట్లాడి వాడిని బట్టీ దగ్గర పనికి పెట్టించాను. అది కూడా నా మంచితనమే అనుకున్నాను. బొగ్గు ధూళి, సెగ. సాయంత్రం వాడు మొహం కడుక్కుంటే సబ్బు నురగ నల్లగా కారేది. బీయస్సీ పుస్తకాలు కొన్నాళ్ళు కిటికీలో ఉండి, తర్వాత మంచం కిందికి పోయాయి.

జూలైలో ఒక ఆదివారం మా అత్తకి జ్వరం వచ్చింది. నా షూ వానకి తడిసి ఆరలేదు. చెప్పులేసుకుని మందుల కోసం బండి తీశాను. వీధి మలుపు తిరిగి రెండో గేరు వేసి మూడోదానికి ఎత్తాను. ఇంజిను అరిచింది. బండి తూలింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ అంతే. వేళ్ళు లీవర్‌కి అందకుండా గాల్లో ఊగుతున్నాయి. బండి పక్కకి ఆపి వంగి చూశాను. వేళ్ళకీ లీవర్‌కీ మధ్య షూ మందమంత ఖాళీ కనిపించింది. వాన పడుతున్నా అక్కడే కూర్చుండిపోయాను. తప్పు అర్థం కావడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు, అదే మరీ బాధ.

మందులు ఇంట్లో ఇచ్చి పానా తీసుకుని లీవర్ దించాను. మరునాడు సెలవు పెట్టి శంకర్ నగర్ వెళ్ళాను. మేనేజరుకి లీవర్ సంగతంతా చెప్పి, కుర్రాడిని ఇంకొక్కసారి చూడమని బతిమాలాను. ఆయన ఓపిగ్గా విని, ఆ పనిలో ఇంకొకడు చేరి నాలుగు నెలలైందనీ, వాడిని అప్పుడే లోపల మిషను మీద కూర్చోబెట్టామనీ చెప్పాడు. గాజు తలుపు అవతల తెల్లకోటు వేసుకున్న ఒక కుర్రాడు కనిపించాడు. అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర కొండలరావు కోసం ఆగాను. టీ చెప్పాను. వాడు గ్లాసు అందుకున్నాక అన్నాను. "ఆ రోజు తప్పు నీ కాలిది కాదురా కొండలూ. లీవర్‌ది. నా షూ కోసం ఎత్తి పెట్టుకున్నాను. నీకిచ్చేటప్పుడు దించలేదు."

వాడు టీ ఒక గుక్క తాగాడు.

"నాను అడిగాను కదా బావా."

"అడిగావు."

"రెండుసార్లు అడిగాను."

వాడు నన్ను కొట్టినా బాగుండు అనిపించింది. "ఇంటికెళ్ళగానే అత్తయ్యకి చెబుతాను. తాయారమ్మగారికి కూడా చెబుతాను. అందరి ముందూ అన్నాను, అందరి ముందే ఒప్పుకుంటాను" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. "ఒద్దు బావా. అమ్మకి అస్సలు చెప్పకు. తెలిస్తే నీ ఇంట్లో అమ్మకి ముద్ద దిగదు. రేపే పోదాం పద అంటాది. ఎక్కడికి పోతాం? నా కూలికి వేరే గది వస్తాదేటి?"

"మరి నిన్ను అందరూ మొద్దంటుంటే..."

"నన్ను అననీ. నాకు అలవాటైపోనాది."

ఆ తర్వాత వాడు నా బండి ఎప్పుడూ ఎక్కలేదు. బస్సులోనే వస్తాడు, పోతాడు. నాతో మునుపటిలాగే మాట్లాడతాడు, కానీ ఏదీ అడగడు.

మొన్న తాయారమ్మగారు మా ఇంటికొచ్చారు. అందరం భోజనాలకి కూర్చున్నాం. వాళ్ళల్లుడు కొత్త బండి కొన్నాడట, గేర్లు సరిగ్గా పడటం లేదట.

"మా అల్లుడు సత్తిరాజుని అడుగమ్మా" అంది మా అత్త, నా కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ. "నేర్పాలంటే ఆయనే నేర్పాల. మావోడికి వారం రోజులు నిద్ర మానుకొని నేర్పినాడు. ఈడి కాలే మొద్దు గానీ, ఆయన తప్పేటుంది?"

రాజశ్రీ మజ్జిగ కలుపుతోంది. తాయారమ్మగారు జాలిగా కొండలరావు వైపు చూశారు. నేను నోరు తెరిచాను. కొండలరావు నాకంటే ముందే అందుకున్నాడు.

"అవునమ్మా, నా కాలే మొద్దు" అన్నాడు నవ్వుతూ. నేను తల దించుకుని అత్త వేసిన కూర కలుపుకున్నాను.