సార్ చెప్పిన జవాబు

ఆ పొద్దున ఆకాశం సున్నపు నీళ్లు చల్లినట్టు తెల్లగా ఉంది. వాన పడేలా లేదు, ఎండా కాయడం లేదు. చైతన్యపురిలో బ్యాంకు పరీక్షల కోచింగ్ చెప్పే దశరథ బండి తీసి అల్మాస్‌గూడకు బయలుదేరాడు. నిన్న రిజర్వు బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాల ఫలితాలొచ్చాయి. ఆయన దగ్గర చదివిన జ్యోతికకు రెండు మార్కుల తేడాతో ఉద్యోగం పోయింది. వయసు దాటింది, మళ్లీ రాసే వీలు లేదు. ఇంటర్వ్యూలో ఏమడిగారో, తనేం జవాబిచ్చిందో ఆమె ఫోన్లో చెప్పినప్పటి నుంచి దశరథకు కాలు నిలవలేదు.

వేసవిలో క్లాసులో చెప్పింది ఆయనే. ఇంగ్లండు లాంటి దేశాల తొలినాటి జాతీయ బ్యాంకులూ ఇప్పటి రిజర్వు బ్యాంకూ చేసే పని ఒకటే, పేరే వేరని. జ్యోతిక లేచి నిలబడింది.

"సార్, అప్పట్ల అవి వాటాదారుల సొంత దుకాణాలు కద. సర్కారుకు, వర్తకులకు అప్పులిచ్చి లాభం చూస్కునేటివి. గడబిడైతే ముందుగాల తమ బంగారమే కాపాడుకునేటివి. మిగతా బ్యాంకులను ఆదుకునుడు శానా ఏండ్లకు నేర్చుకున్నయట."

"ఎవలు చెప్పిండ్రు?"

"లైబ్రరీ పుస్తకంల ఉంది సార్."

"గా పుస్తకం రాసినాయన ఒచ్చి నీకు మార్కులేస్తడా? కూసో."

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. పన్నెండేళ్లుగా అవే నోట్సు. ఆ పుస్తకం తెరిచి చూసింది మాత్రం నిన్న సాయంత్రమే. పిల్ల చెప్పిందే నిజం.

అల్మాస్‌గూడలో జ్యోతిక వాళ్ల రేకుల ఇంటి గుమ్మంలో ఆమె తల్లి పెంటమ్మ ఎదురొచ్చింది. "లోపటికి రా సారూ. ఫోన్ చేస్తే పిల్లే ఒస్తుండె కద, గింత దూరం ఎందుకొచ్చినవ్?"

జ్యోతిక మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు పుచ్చుకున్నాడు గానీ తాగలేదు.

"తప్పు నాది బిడ్డా. నువ్ సదివిందే కరెక్టు. నీకు ఎరికే కద, మరి ఆడ ఇంటర్వ్యూల నా మాట ఎందుకు చెప్పినవ్?"

"ఆలోచించి చెప్పమ్మా అని రెండుసార్లు అడిగిండ్రు సార్." ఆమె తలుపు వైపు చూసింది. "మా సార్‌కు తెల్వకుంటదా అనుకున్న."

తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

"క్లాసుల చెప్తా బిడ్డా, అందరి ముందట. నేను తప్పు చెప్పిన్నని."

"చెప్పుండ్రి సార్. నా తర్వాత ఒచ్చేటోళ్లకైన పనికొస్తది."

పెంటమ్మ మూడు కంచాలు పరిచింది. వద్దనడానికి మొహం చెల్లక దశరథ కింద కూర్చున్నాడు. జొన్నరొట్టె తుంచి తొక్కులో అద్దుకున్నాడు. జ్యోతిక ఎదురుగా తల వంచుకుని తింటోంది. పెంటమ్మ అడక్కుండానే ఆయన కంచంలో ఇంకో రొట్టె వేసింది. ముగ్గురూ తిన్నారు.