దించని శ్రుతి

మైకు వదిన గొంతులో బుడిపె తీసేసి నాలుగు నెలలైంది. మొదటి నెలంతా ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు డాక్టరు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేది. మాటకు మాట అప్పజెప్పే కోడలు మూగనోము పట్టేసరికి అత్తగారికే తోచలేదు. "పోనీ నన్ను తిట్టవే తల్లీ" అని బతిమాలిందావిడ.

ఇరవై ఏళ్లుగా జనాల పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ పాడి ఇల్లు నడిపిన మనిషి. కీబోర్డు వాయించేది సొంత మరిది. అతను వదినా వదినా అంటుంటే బృందమంతా అదే పట్టుకుంది, మైకు తగిలించి మరీ. పార్టీలు కుదిర్చే పెద్దమనిషి మాత్రం అమ్మా అంటాడు. ఇవాళ మధ్యాహ్నం ఈ పెళ్లిరోజు విందులో పాట ఇప్పించిందీ ఆయనే, మొహమాటం లేకుండా మాట చెప్పిందీ ఆయనే.

"ఇవాళ గొంతు బొంగురుపోయిందంటే ఇక నేను పిలవలేనమ్మా. ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటుంది! ముందు బల్ల దగ్గర కొత్త గాయని ముస్తాబై కూర్చుంది కూడా. మనిషి లేవకముందే కుర్చీ లాగేయడమంటే ఇదే.

గొంతు పైస్థాయికి అందదేమోనన్న భయంతో వదినా మరిదీ ముందే ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకొచ్చారు. పాటలన్నీ శ్రుతి రెండు మెట్లు దించి పాడాలి. కీబోర్డు మీద ఒక మీట రెండుసార్లు నొక్కితే చాలు, వేళ్లు పాత చోటే ఆడతాయి, శ్రుతి మాత్రం దిగిపోతుంది.

హాల్లో ఎనభై మంది ఉన్నారు, ప్లేట్ల చప్పుడు, కబుర్లు. ఇలాంటి చోట పాటంటే ఫ్యానులాంటిది, ఆగిపోతే తప్ప ఎవరికీ గుర్తురాదు.

మరిది వాయించడం మొదలుపెట్టాడు. రెండో స్వరానికే వదిన చెవికి తెలిసిపోయింది. అది పాత శ్రుతి! తిరిగి చూస్తే మరిది ముఖాన నెత్తురు చుక్క లేదు. కంగారులో మీట సంగతే మరిచాడు మహానుభావుడు. ఇప్పుడు నొక్కితే పాట గోతిలో పడ్డట్టవుతుంది, ఎనభై మందికీ దొరికిపోతారు.

ఆపేయనా అని కళ్లతోనే అడిగాడు.

ఆమెకి ఒళ్లు మండింది. మరిది మీద కాదు, నాలుగు నెలలుగా తను మోస్తున్న భయం మీద.

"వాయించు" అంది.

పల్లవి గట్టెక్కింది. అసలు గండం చరణం చివర ఉంది. గొంతు నిలువునా పైకెక్కి అక్కడే నిలబడాలి. కొత్త గాయనికి ఆ సంగతి తెలుసు, చెంచా కింద పెట్టి చూస్తోంది. వదిన పొట్టనిండా గాలి పీల్చుకుని ఎక్కింది. పైకి చేరేసరికి గరుకుగా ఏదో తగిలింది. తగిలితే తగలనీ అనుకుంది, వదల్లేదు. గరుకు కరిగిపోయి గొంతు తెరుచుకుంది. తన గొంతే, అచ్చంగా తనదే! ఆ సంతోషానికి ఇంకాసేపు అక్కడే నిలిచింది. కబుర్లు ఆగిపోయాయి. పెళ్లిరోజు పెద్దావిడ భర్త చెయ్యి పట్టుకుంది.

ముందుగా లేచి చప్పట్లు కొట్టింది కొత్త గాయనే. వెనక బల్లల వాళ్లు ఇంకొకటి, ఇంకొకటి అని అరిచారు. పెద్దమనిషి పరుగున వచ్చాడు.

"అమ్మా, వచ్చే నెల ఏ తేదీలు ఖాళీ?"

"కాస్త ఆగండి, పని మీదున్నాను" అంది వదిన.

మరిది ఆమె వైపు వంగాడు. "తప్పైపోయింది వదినా. తర్వాతి పాటకి మర్చిపోకుండా దించుతా."

"దించావంటే ఇంటికెళ్లాక నీ వేళ్లు విరిచేస్తా. ఒక మెట్టు పెంచు!"